ర్యాంకు మార్కు కాదు, కటాఫ్ అర్హత కాదు

ఏటా మే, జూన్ నెలలొచ్చాయంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ ఇంకో ఉద్యోగం తగులుకుంటుంది. జీతం లేని కౌన్సెలర్ ఉద్యోగం. పిన్ని కొడుకు, పక్కింటి అంకుల్ కూతురు, ఊళ్ళో మేష్టారి మనవడు, అందరి నుంచీ ఒకటే ఫోను. "అన్నా, నాకు పద్దెనిమిది వేల ర్యాంకు. ఏ కాలేజీ వస్తుంది?" మనం కూడా పెద్ద తెలిసినట్టు "ఫలానా దాంట్లో సీఎస్ఈ కష్టం, ఈసీఈ రావచ్చు" అని చెప్పేస్తాం. ఆ పద్దెనిమిది వేలు ఎలా వచ్చిందో వాడూ అడగడు, మనమూ చెప్పం.

రోజంతా డేటాతో పనిచేసే మనం, ఆఫీసులో ఎవడైనా రెండు టేబుళ్ళు తప్పుగా కలిపితే కోడ్ రివ్యూలో నిలదీసే మనం, పిల్లల జీవితాల దగ్గరికొచ్చేసరికి మూడు వేరు వేరు అంకెల్ని ఒకే కాలమ్‌లో పడేసి మాట్లాడతాం. మొదటిది అర్హత: దరఖాస్తు పెట్టుకోవడానికి కావలసింది. రెండోది ర్యాంకు: క్యూలో మన చోటు. మూడోది కటాఫ్: పోయినేడాది ఆ సీటు ఎవరి దగ్గర ఆగిందో చెప్పే అంకె. ఇవి మూడూ ఒకటి కాదు. ఒకటే అన్నట్టు అమ్ముకునే వ్యాపారం మాత్రం మన రెండు రాష్ట్రాల్లో మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది. నా తగవు ఆ వ్యాపారంతోనూ, దానికి ఉచితంగా ప్రచారం చేసిపెడుతున్న మనతోనూ.

మొదటి అంకె: అర్హత

మన ఎంసెట్ పేరు మార్చుకుని ఈఏపీసెట్ అయింది. ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో. పేరు మారినా ఇంజనీరింగ్ పేపరు స్వరూపం పాతదే. 160 ప్రశ్నలు: లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మూడు గంటలు. ప్రశ్నకి నాలుగు ఆప్షన్లు. తప్పు రాస్తే మార్కు కోత లేదు. ఓసీ, బీసీ విద్యార్థులు క్వాలిఫై అవ్వాలంటే 25 శాతం, అంటే 40 మార్కులు రావాలి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. నాలుగు ఆప్షన్లున్న 160 ప్రశ్నలకి ఏమీ చదవకుండా కళ్ళు మూసుకుని టిక్కులు పెడితే సగటున ఎన్ని వస్తాయి? 160ని నాలుగుతో భాగిస్తే 40. అంటే ప్రభుత్వం "నువ్వు అర్హుడివి" అని చెప్పే గీత, గుడ్డి ఊహకి వచ్చే సగటు, రెండూ ఒక్క చోటే ఉన్నాయి. పేపర్లో "ఇంత శాతం క్వాలిఫై" అని హెడ్డింగు పెడితే సంతోషపడేవాళ్ళు ఈ భాగహారం ఒకసారి చేసుకోవాలి. ఈ గీత ఎవరినీ వడపోయడానికి పెట్టింది కాదు, సీట్లు నింపడానికి పెట్టింది. అది నేరమని నేననడం లేదు. దాన్ని అర్హత అని పిలవకండి, అంతే.

ఇక ఇంటర్ మార్కులు. ఇంజనీరింగ్‌లో చేరాలంటే ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం (రిజర్వేషన్ వర్గాలకి 40) ఉండాలి. ఇది దాటితే ఆ మార్కులు ర్యాంకులో లెక్కకొస్తాయా రావా అన్నది మీరు కృష్ణకి ఏ ఒడ్డున పుట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. కరోనా రోజుల్లో రెండు రాష్ట్రాలూ ఇంటర్ వెయిటేజీని పక్కన పెట్టాయి. 2023లో తెలంగాణ దాన్ని శాశ్వతంగా ఎత్తేసింది. అదే 2023లో ఆంధ్ర మళ్ళీ తెచ్చుకుంది: 75 శాతం ప్రవేశ పరీక్షకి, 25 శాతం ఇంటర్‌కి. ఒకే సిలబస్ వారసత్వం, ఒకే ఏడాది, రెండు వ్యతిరేక నిర్ణయాలు. 2023లో పరీక్ష రాసిన పిల్లలు ఇంటర్‌లో చేరింది 2021లో. ఆ రోజు వాళ్ళకి ఈ సంగతి తెలుసా? ఆట మొదలయ్యాక రూల్సు రాస్తే గల్లీ క్రికెట్లో కూడా ఒప్పుకోం కదా, బాట్ నాదైనా సరే!

ఆ 25 శాతం చేసే పనేంటో లెక్కేసి చూద్దాం. గ్రూపు సబ్జెక్టులు 600 మార్కులనుకుంటే, ప్రవేశ పరీక్షలో ఒక మార్కు విలువ ఇంటర్లో పదకొండుంపావు మార్కులు. ఒకమ్మాయికి పరీక్షలో 100, ఇంటర్‌లో 570. ఆమె మొత్తం 70.63. ఇంకో అబ్బాయికి పరీక్షలో 105, ఇంటర్‌లో 500. అతని మొత్తం 70.05. పరీక్షలో ఐదు మార్కులు తక్కువొచ్చిన అమ్మాయి ముందుకొచ్చింది. మంచిదే, రెండేళ్ళు కష్టపడి చదివింది అనుకోవచ్చు. అయితే ఆ ఇంటర్ మార్కు ఎంత నమ్మకమైనది? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? తెలుగులో సున్నా అని వచ్చిన ఒకమ్మాయికి తర్వాత చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత పిల్లల ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. అందులో పేపర్లు దిద్దినవాళ్ళ తప్పులున్నాయి, మన రంగం వాళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్ తప్పులూ ఉన్నాయి. మనం సిగ్గుపడాల్సిన విషయం అది.

కేంద్రం వాళ్ళేమైనా స్థిరంగా ఉన్నారా అంటే అదీ లేదు. 2013 నుంచి 2016 దాకా జేఈఈ మెయిన్ ర్యాంకులో బోర్డు మార్కులకి 40 శాతం వాటా. 2017లో తీసేశారు. ఆ తర్వాత ఎన్ఐటీలో చేరాలంటే పన్నెండో తరగతిలో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకి 65) ఉండాలి, లేదా ఆ బోర్డులో పైనున్న 20 పర్సెంటైల్‌లో ఉండాలి అన్నారు. 2020లో కరోనా వల్ల సడలించారు, 2023లో మళ్ళీ బిగించారు. ఒకే ఇంట్లో అన్నకి ఒక రూలు, తమ్ముడికి ఒక రూలు. మనమైతే ప్రొడక్షన్లో ఒక ఏపీఐ మార్చాలన్నా ఆర్నెల్ల ముందు నోటీసిస్తాం. పిల్లలకి ఆపాటి మర్యాద కూడా లేదు.

రెండో అంకె: ర్యాంకు

మన జనానికి ర్యాంకు అంటే దేవుడు నుదుటి మీద రాసిన అంకె. 8,412 అంటే 8,411 మంది వాడి కంటే తెలివైనవాళ్ళు, 8,413వ వాడు తక్కువ తెలివిగలవాడు. నిజమేనా?

మళ్ళీ లెక్కలోకే వెళ్దాం. ఇంజనీరింగ్ పేపరు రాసేవాళ్ళు ఒక్కో రాష్ట్రంలో రెండు లక్షల పైచిలుకు. రాగలిగిన మార్కులు సున్నా నుంచి 160 దాకా, మొత్తం 161 గళ్ళు. రెండు లక్షల మందిని 161 గళ్ళలో సర్దితే సగటున గడికి పన్నెండొందల మంది. పైన గళ్ళు ఖాళీగా ఉంటాయి కాబట్టి మధ్యలో ఇంకా కిక్కిరిసిపోతారు. అంటే మధ్యస్థంగా చదివే పిల్లాడికి ఒక్క మార్కంటే వేల ర్యాంకుల తేడా.

ఇప్పుడు ఆ ఒక్క మార్కు ఎక్కడినుంచొచ్చిందో చూడండి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివరి ఐదు నిమిషాల్లో మిగిలిన ప్రశ్నలన్నిటికీ ఏదో ఒకటి నొక్కేస్తారు. నొక్కని వాడు పిచ్చివాడు. ఒకడు 40 ప్రశ్నలకి అలా గుడ్డిగా నొక్కాడనుకోండి. సగటున పది తగులుతాయి. అటూ ఇటూ ఊగేది (స్టాండర్డ్ డీవియేషన్) 2.7 మార్కులు. అంటే ఒకే చదువు చదివిన కవలలు పక్క పక్కనే కూర్చుని రాసినా, ఒకడికి 7 తగిలి ఇంకొకడికి 13 తగలడం మామూలు విషయం. ఆరు మార్కులు! గడికి పన్నెండొందల మంది చొప్పున ఏడు వేల ర్యాంకులు. ఒకడు "బాగా కొట్టాడు", ఇంకొకడు "మనసు పెట్టలేదు". ఇంట్లో ఏడుపు, లాంగ్ టర్మ్ కోచింగ్‌కి లక్షలు, ఏడాది జీవితం. కారణం పాచికలు.

దీనికి డబ్బులు కూడా ముడిపడి ఉన్నాయి. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి పదివేల ర్యాంకు గీత ఏళ్ళ తరబడి నడిచిన నియమం. దాని లోపల ఉంటే బీసీ పిల్లాడికి పూర్తి ఫీజు, దాటితే 35 వేల దాకానే. 9,990 వచ్చినవాడి నాన్న ఊపిరి పీల్చుకుంటాడు, 10,010 వచ్చినవాడి నాన్న అప్పు చేస్తాడు. ఆ ఇరవై ర్యాంకుల తేడాలో చదువు పాలు ఎంత, అదృష్టం పాలు ఎంత? పైన వేసిన లెక్క చూసి మీరే చెప్పండి.

ఇక నార్మలైజేషన్. నేను రాసిన రోజుల్లో ఓఎంఆర్ షీటు, అందరికీ ఒకే ప్రశ్నలు (సెట్ కోడ్ మాత్రం వేరు). 2018 వచ్చేసరికి రెండు రాష్ట్రాల్లోనూ పరీక్ష కంప్యూటర్ మీదికి మారింది. రోజుకి రెండు పూటలు, ఇలా కొన్ని రోజులు. పూటకో పేపరు. ఒకటి తేలిక, ఒకటి కష్టం. కాబట్టి మార్కులు సవరించాలి. ఇందులో తప్పేం లేదు, సవరించకపోతేనే తప్పు. ప్రతి పూటకీ ఒక ఆనవాలు గీత గీస్తారు: సగటు మార్కు, దానికి స్టాండర్డ్ డీవియేషన్ కలిపింది. పైన ఇంకో ఆనవాలు: ఆ పూట టాప్ 0.1 శాతం వాళ్ళ సగటు. ఈ రెండు గీతల మధ్య దూరాన్ని, అన్ని పూటలూ కలిపితే వచ్చే ఇలాంటి రెండు గీతల మధ్య దూరానికి సరిపోయేలా లాగుతారు. రబ్బరు స్కేలు లాగినట్టు. మనవాళ్ళకి ఇది సరళ రేఖ సమీకరణం, తొమ్మిదో తరగతి లెక్క.

అయితే ఈ లాగుడికి కావలసిన అంకెలు, అంటే ఆ పూట సగటెంత, డీవియేషన్ ఎంత, టాప్ వాళ్ళ సగటెంత, ఇవేవీ పిల్లాడి ర్యాంకు కార్డు మీద ఉండవు. తొంభై ఎనిమిదొచ్చిందని కీ చూసుకుని సంబరపడ్డవాడికి కార్డు మీద తొంభై నాలుగు పాయింట్ ఏదో కనపడుతుంది. ఎందుకు తగ్గిందో చెప్పేవాడుండడు. "సార్, సాఫ్ట్‌వేర్‌లో అలా వచ్చింది." ఈ మాట మనం ఎన్ని ఆఫీసుల్లో వినలేదు! సాఫ్ట్‌వేర్‌లో దానంతటదే ఏదీ రాదు, ఎవడో రాస్తేనే వస్తుందని మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

జేఈఈ మెయిన్ వాళ్ళు ఇంకో మెట్టు పైకెళ్ళారు. 2019లో ఎన్‌టీఏ చేతికొచ్చినప్పటి నుంచీ ఏడు దశాంశాల పర్సెంటైల్. 99.1234567 లాంటిది చూడగానే బంగారం తూచే త్రాసు గుర్తొచ్చి ఎంత కచ్చితమో అనిపిస్తుంది. ఆ ఏడు దశాంశాల్లో ఏముందో చూడండి. పర్సెంటైల్ అంటే ఆ షిఫ్టులో మీతో సమానంగా గానీ తక్కువగా గానీ మార్కులొచ్చినవాళ్ళు నూటికి ఎంతమంది అని. ఒక షిఫ్టులో లక్ష మంది రాశారనుకోండి. ఒక మనిషి బరువు 0.001. మూడో దశాంశం తర్వాత అక్కడ సమాచారమే లేదు. లక్ష మంది షిఫ్టులో రెండోవాడికి 99.9990000 వస్తుంది. లక్షా ఇరవై వేల మంది షిఫ్టులో రెండోవాడికి 99.9991667. రెండోవాడు ముందు, మొదటివాడు వెనక. తేడా ఫిజిక్స్‌లో లేదు, ఆ పూట హాలుకి ఎంతమంది వచ్చారన్న దాంట్లో ఉంది! ఎక్కడో ఒకచోట తెంచాలి కాబట్టి తెంచుతున్నారు. ఒప్పుకుంటాను. కానీ తెంచడానికి వాడే అంకెని ప్రతిభకి కొలతని చెప్పి ఫ్లెక్సీలు కట్టడమే నాకు కంపరం.

ముడి అంకెలు జనానికి కనపడితే ఏమవుతుందో 2024 నీట్ చూపించింది. ఆ పరీక్షలో సరైన జవాబుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి, మొత్తం 720. అన్నీ రైటైతే 720. ఒకటి వదిలేస్తే 716. ఒకటి తప్పైతే 715. మరి ఫలితాల్లో 718, 719 ఎలా వచ్చాయి? రానే రాకూడదు! మన భాషలో చెప్పాలంటే ఇన్వేరియంట్ తెగింది. పిల్లలే పట్టుకున్నారు. తర్వాత తేలింది, సమయం పోయిందని 1563 మందికి మార్కులు కలిపారని. విషయం సుప్రీం కోర్టుకెళ్ళింది, కలిపినవి తీసేసి వాళ్ళకి మళ్ళీ పరీక్ష పెట్టారు. అక్కడ కనపడింది ముడి మార్కు కాబట్టి దొరికింది. అదే ఏడు దశాంశాల పర్సెంటైల్ వెనక దాక్కుని ఉంటే? ఎవడికీ అనుమానం కూడా వచ్చేది కాదు.

మూడో అంకె: కటాఫ్

అసలు గొడవంతా ఇక్కడే. "ఆ కాలేజీ కటాఫ్ ఆరు వేలు" అంటారు, ఆ కాలేజీ వాళ్ళేదో కూర్చుని ప్రమాణం నిర్ణయించినట్టు. ఏ కాలేజీ నిర్ణయించలేదు. పోయినేడాది ఆ బ్రాంచిలో చివరి సీటు తీసుకున్నవాడి ర్యాంకు అది. వేలంపాటలో చివరి పాట లాంటిది. సరుకు నాణ్యత వల్లే పాట పెరగదు. జనం ఎగబడితే పెరుగుతుంది, సరుకు తక్కువుంటే పెరుగుతుంది.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. ఒక కాలేజీలో సీఎస్ఈ 120 సీట్లు, చివరి ర్యాంకు తొమ్మిది వేలు. వచ్చే ఏడు సివిల్, మెకానికల్ సీట్లు కుదించి సీఎస్ఈని 360 చేశారు. చివరి ర్యాంకు ఇరవై వేలకి జారుతుంది. కాలేజీ చెడిపోయిందా? కటాఫ్ చూసేవాడు అదే అంటాడు. పక్కవాడు 60 సీట్లే ఉంచుకుని ఆరు వేల దగ్గర ఆపాడు. వాడి దగ్గర మేష్టార్లున్నారా లేదా ఎవరికీ పట్టదు. 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకి బ్రాంచి సీట్ల మీద గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. కాబట్టి ఈ అంకెలు ఇంకా ఊగుతాయి. పోయినేడాది చివరి ర్యాంకు పట్టుకుని ఈ ఏడాది జోస్యం చెప్పేవాళ్ళ మాట వినేముందు "ఈసారి సీట్లెన్ని?" అని అడగండి.

ఒకే గేటు, ఒకే లైబ్రరీ, ఒకే హాస్టలు పప్పు. సీఎస్ఈకి తొమ్మిది వేలు, సివిల్‌కి అరవై వేలు. దీన్నిబట్టి సివిల్ చదువు తక్కువదనుకుంటే, రేపు మీరు ఎక్కబోయే ఫ్లైఓవర్ ఎవరు కడతారో ఆలోచించండి :)

ఈ అయోమయం మీద బతికే ఇంకో వృత్తి వెబ్ ఆప్షన్ల కన్సల్టెంట్లు. వేలకి వేలు తీసుకుని ఆప్షన్ల వరస రాసిస్తారు. "పెద్ద కాలేజీ ముందు పెడితే చిన్నది కూడా పోతుంది, సేఫ్‌గా ఆడదాం" అంటారు. పచ్చి అబద్ధం. మన కౌన్సెలింగ్‌లో ర్యాంకు వరసలో ఒక్కొక్కరి జాబితా పైనుంచి కిందకి చూసి, ఖాళీగా ఉన్న మొదటిది ఇస్తారు. పైన రాని కాలేజీ పెట్టినందుకు కింద వచ్చే కాలేజీ పోదు. ఐఐటీ, ఎన్ఐటీలకి 2015 నుంచి ఉమ్మడిగా సీట్లిచ్చే జోసా వెనక ఉన్నది గేల్, షాప్లీ 1962లో రాసిన పద్ధతి. అదే బాటలో చేసిన పనికి 2012లో షాప్లీకి, రోత్‌కి ఆర్థికశాస్త్రం నోబెల్ వచ్చింది. ఇలాంటి పద్ధతికి పెట్టింది పేరు ఏంటంటే, నీకు నిజంగా ఏ వరసలో ఇష్టమో ఆ వరసలో రాయడమే నీకు లాభం. ఎత్తుగడ అక్కర్లేదు. మనలో అల్గారిథమ్స్ చదవనివాడెవడు? ఈ ఒక్క మాట బంధువులకి చెప్పినా కొన్ని వేల రూపాయలు మిగులుతాయి వాళ్ళకి.

క్యాంటీన్ కబుర్లు

కటాఫ్ మాట రాగానే మన ఆఫీసుల్లో మొదలయ్యే రెండో సంభాషణ అందరికీ తెలుసు. "వాడికి యాభై వేలకే సీటొచ్చింది గురూ, మనకైతే ఐదు వేలకి రాలేదు." మొన్న లంచ్‌లో మా టీములో ఒక సీనియర్ ఇదే ఎత్తుకున్నాడు. మరి ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ కోటా 70 శాతమే, మిగతా 30 మేనేజ్‌మెంట్ కోటా, అందులో ఎన్నారై సీట్లు, వాటికి కటాఫ్ ఎంత అని అడిగాను. "అది వేరే బాస్, వాళ్ళు డబ్బు కడుతున్నారు" అన్నాడు. అదీ సంగతి! కులం వల్ల గీత కిందికి దిగితే ప్రతిభకి అన్యాయం. డబ్బు వల్ల దిగితే అది వేరే. లక్షన్నర ర్యాంకుతో బీ కేటగిరీలో చేరినవాడి ర్యాంకు ఎవడూ అడగడు, ఫ్లెక్సీలో వేయడు, క్యాంటీన్లో మాట్లాడడు. పైన చూశాం కదా, ర్యాంకులో వేలకి వేలు పాచికల పాలు. ఆ అంకెని పట్టుకుని ఎదుటివాడి యోగ్యత తూచే ముందు, కనీసం త్రాసు సరిగ్గా ఉందో లేదో చూసుకోవద్దూ?

ఇంతకంటే పెద్ద పాపం మన పరిశ్రమది. కంపెనీలు ఏ కాలేజీకి వెళ్తాయి? మంచి ర్యాంకులు చేరే కాలేజీకి. మంచి ర్యాంకులు ఎక్కడ చేరతాయి? కంపెనీలొచ్చే కాలేజీలో. మధ్యలో ఆ నాలుగేళ్ళు ఏం నేర్పారన్న ప్రశ్న ఎక్కడా రాదు. దానికి తోడు "పది, ఇంటర్, బీటెక్ మూడింట్లో అరవై శాతం" అనే ఫిల్టరు. పదిహేనేళ్ళప్పుడు జ్వరమొచ్చి సోషల్లో మార్కులు తగ్గినవాడు ఇరవై రెండేళ్ళప్పుడు కోడింగ్ టెస్టు కూడా రాయలేడు. ఈ ఫిల్టరు పెట్టింది ప్రభుత్వం కాదు. ఏ ఎన్‌టీఏ కాదు. మనమే, మన హెచ్ఆర్ వాళ్ళే. దీని గురించి నోరెత్తకుండా కార్పొరేట్ కాలేజీల్ని తిట్టి లాభం లేదు. వాళ్ళు మనం కట్టిన ఫన్నెల్‌లోకి నీళ్ళు పోస్తున్నారంతే.

అయితే పరీక్షలు వద్దంటావా?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. వద్దనను. పల్లెటూరి రైతు కొడుకు ఎవరి సిఫార్సూ లేకుండా, ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా సీటు తెచ్చుకున్నాడంటే ఎంసెట్ లాంటి పరీక్ష పుణ్యమే. బోర్డు మార్కులొక్కటే నమ్ముకుంటే ఏమవుతుందో ఢిల్లీ యూనివర్సిటీ చూపించింది. 2021లో అక్కడ కొన్ని కాలేజీల్లో కొన్ని కోర్సుల కటాఫ్ నూటికి నూరు. 99.75 వచ్చినవాడు బయట. ఆ పిచ్చి భరించలేకే 2022లో సీయూఈటీ తెచ్చారు.

అంకె వాడండి, కానీ అంకె ఏమిటో చెప్పండి. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఉన్న మనవాళ్ళ పిల్లలకి అటార్ అని ఒకటొస్తుంది. అత్యధికం 99.95, ఒక్కో మెట్టు 0.05. దాని మీదా అక్కడ గొడవలున్నాయి, అదేం స్వర్గం కాదు. కానీ ఇది మార్కు కాదు, మీ వయసు వాళ్ళందరిలో మీ స్థానం అని చెప్పే ఇస్తారు. స్కూలు మధ్యలో మానేసినవాళ్ళని కూడా ఆ లెక్కలో కలుపుతారు. ఏడు దశాంశాల నటన లేదు.

నేనడిగేవి ఇవి

ఒకటి. ఇంటర్‌లో చేరిన రోజు ఏ నియమం ఉందో, ఆ బ్యాచి బయటికెళ్ళేదాకా అదే ఉండాలి. వెయిటేజీ ఉంచుతారో తీస్తారో మీ ఇష్టం. రెండేళ్ళ ముందు చెప్పండి.

రెండు. ర్యాంకు కార్డు మీద ముడి మార్కు, ఆ పూట సగటు, డీవియేషన్, టాప్ 0.1 శాతం సగటు, ఇవన్నీ అచ్చు వేయండి. కాల్‌క్యులేటర్ ఉన్న ఏ పిల్లాడైనా తన మార్కు తాను సరిచూసుకోగలగాలి.

మూడు. చివరి ర్యాంకు జాబితాతో పాటు ఆ ఏడాది సీట్లెన్ని, చేరినవాళ్ళలో నాలుగేళ్ళలో పాసై బయటపడ్డవాళ్ళెందరు అన్నది కూడా పక్కనే వేయండి. లోపలికెళ్ళిన అంకె ఒకటే చూపిస్తే అది కాలేజీ గొప్పతనం కాదు, పిల్లలది.

నాలుగు. డబ్బు సాయానికి ఒకే ర్యాంకు దగ్గర కత్తితో కోసినట్టు గీత గీయకండి. మెట్లు మెట్లుగా తగ్గించండి.

ఐదోది మనకి. మీ కంపెనీలో ఆ "మూడింట్లో అరవై" ఫిల్టరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగండి. పది మందిని ఇంటర్వ్యూ చేసే స్థాయికొచ్చిన ప్రతివాడూ అడగగలడు. జవాబు సాధారణంగా "రెజ్యూమెలు ఎక్కువొస్తాయి కాబట్టి" అనే ఉంటుంది. అది సర్వర్ లోడు సమస్య. దానికి పిల్లల పదో తరగతి మార్కులతో పరిష్కారం వెతక్కండి.

ఈసారి ఫోన్ చేసి ర్యాంకు చెప్పిన తమ్ముడికి కాలేజీ పేరు చెప్పే ముందు నాలుగు ముక్కలు చెప్పండి. నీ ర్యాంకు అటూ ఇటూ కొన్ని వేలు ఊగే అంకె, దాన్ని చూసి పొంగిపోకు, కుంగిపోకు. కటాఫ్ నిన్నటి ధర, నాణ్యత ముద్ర కాదు. ఆప్షన్లు నీకిష్టమైన వరసలో పెట్టు, ఎవరికీ డబ్బులివ్వకు. చేరబోయే ముందు ఒక రోజు ఆ కాలేజీకెళ్ళి, ల్యాబ్ తలుపు తీసి ఉందో తాళం వేసి ఉందో చూసి రా. ఆ తాళం సంగతి ఏ ర్యాంకు జాబితాలోనూ ఉండదు.

ఒప్పుకోనివాళ్ళు లెక్కతో రండి, మాట్లాడుకుందాం.